పాత బొగ్గుబాయిలు, మూతపడ్డ ఫ్యాక్టరీల్లోకి వీడియోల కోసం వెళ్తున్నారు: మాస్కూ టార్చీ సరిపోతాయా?

రాజురా అక్క
(రాజురా, చంద్రాపూర్ జిల్లా)

అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఆదివారం వస్తే చాలు, వాడూ వాడి ఫ్రెండ్సూ బండ్లేసుకుని మూతపడ్డ చోట్లకి పోతున్నారు. పాత బొగ్గుబాయి ఆఫీసులు, ఖాళీ క్వార్టర్లు, తుప్పుపట్టిన షెడ్లు, ఏది కనిపిస్తే అది. ఇన్నాళ్ళూ బయట బయటే తిరిగి వీడియోలు తీసేవారు. ఇప్పుడు ఒక మూసేసిన ఇంక్లైన్ (బాయిలోకి ఏటవాలుగా దిగే సొరంగ దారి) గోడకి కన్నం ఉందట, అందులోంచి లోపలికి వెళ్తామంటున్నారు.

"ఎన్95 మాస్క్ ఉంది, హెడ్‌లాంప్ ఉంది, బూట్లున్నాయి, నీకెందుకక్కా టెన్షన్" అంటాడు. ఊరికే వద్దంటే చెప్పకుండా వెళ్ళే రకం. లోపల అసలు ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళు చెబితే వాడికి చూపిస్తాను. భయపెట్టడానికి కాదు, నిజంగా ఏముందో రాయండి.

వీకెండ్ రైడర్
(బల్లార్షా)

అక్కా, నేనూ ఇలాంటి చోట్లకి వెళ్ళేవాడినే. ఇది పనికిమాలిన సరదా కాదు. మన జిల్లాలో వరోరా బొగ్గు గని 1870ల్లో మొదలై 1906లో మూతపడింది. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి ఎన్ని తెలుగు కుటుంబాలు ఈ గనుల కోసం ఇక్కడికి వచ్చాయో ఎవరూ సరిగ్గా రాసిపెట్టలేదు. స్క్రాప్ వాళ్ళు ఇనుమంతా కోసుకుపోయాక చూపించడానికి ఏమీ మిగలదు. ఫొటో అయినా ఉండాలి కదా.

నేను పాటించేవి చెబుతా. ఒంటరిగా వెళ్ళను. ఇంట్లో చోటు పేరు చెప్పి వెళ్తాను. మందపాటి సోల్ ఉన్న బూట్లు, ఫుల్ చేతుల చొక్కా, గ్లవ్స్, రెండు టార్చ్‌లు. దుమ్ముంటే మాస్క్. చీకటి పడేలోపు బయటికి. వాడికి ఇవి నేర్పండి, చాలు.

బాయి కాక
(బల్లార్షా)

రైడర్ తమ్ముడూ, నువ్వు చెప్పినవన్నీ నేల మీద ఉన్న షెడ్డుకి సరిపోతాయి. ఇంక్లైన్ మాట వేరు. నేను గోదావరిఖని బొగ్గుబాయిలో సర్దార్‌గా (లోపలి భద్రత చూసే ఉద్యోగం) చేసి, దాని పైదైన ఓవర్‌మన్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నా. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, చదవండి.

ఎన్95 మాస్క్ దుమ్మును ఆపుతుంది. గ్యాస్‌ను ఆపదు. లేని ఆక్సిజన్‌ను తెచ్చిపెట్టదు. మూసేసిన బాయిలో మనిషిని పడేసేది దుమ్ము కాదు.

నడుస్తున్న బాయిలో పెద్ద ఫ్యాన్ రాత్రీ పగలూ తిరుగుతూ ఉంటుంది. మూసేశాక అది ఆగిపోతుంది. లోపల మిగిలిన బొగ్గు, కుళ్ళిపోతున్న కర్ర ప్రాపులు (పైకప్పుకి ఊతంగా నిలిపే స్తంభాలు), తుప్పు పడుతున్న ఇనుము, ఇవన్నీ గాలిలోని ఆక్సిజన్‌ను తినేస్తూనే ఉంటాయి. మిగిలేది నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్. దాన్ని బ్లాక్‌డాంప్ అంటాం. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కిందికి పోతే అక్కడ పని చేయకూడదని లెక్క. 16 దగ్గర బుద్ధి మందగిస్తుంది. 10 కిందికి దిగితే మనిషి స్పృహ తప్పుతాడు. 6 దగ్గర నిమిషాల్లో ప్రాణం పోతుంది.

ఇందులో అందరూ పొరబడే సంగతి ఒకటుంది. ఊపిరాడకపోతే తెలుస్తుంది కదా, వెనక్కి వచ్చేయొచ్చు అనుకుంటారు. మనకి ఉక్కిరిబిక్కిరి అనిపించేది ముఖ్యంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు. ఆ గ్యాస్ ఎక్కువున్న చోట ఆయాసం, తలపోటు వస్తాయి. నైట్రోజనే ఎక్కువున్న చోట ఆ హెచ్చరిక కూడా ఉండదు. కాళ్ళు తేలిపోయినట్టు ఉంటుంది, అంతే, కూలబడిపోతాడు. వెనక్కి వెళ్ళాలన్న ఆలోచన చేయాల్సిన బుర్రే ముందు పని మానేస్తుంది.

మా రోజుల్లో సేఫ్టీ లాంప్ (జాలీ లోపల మంట వెలిగే గని దీపం) పట్టుకుని ముందు నడిచేవాళ్ళం. ఆక్సిజన్ తగ్గితే మంట ముందు పొట్టిదై, ఎర్రబడి, మసిబారుతుంది. 16 శాతం దగ్గర ఆరిపోతుంది. మిథేన్ ఉంటే మంట చుట్టూ పలచని నీలం టోపీ కనిపిస్తుంది. లాంప్‌ను నేల దగ్గరికి దించి, రూఫ్ దగ్గరికి ఎత్తి, రెండు చోట్లా చూడాలి. ఎందుకంటే కార్బన్ డయాక్సైడ్ బరువైంది, పల్లంలో పేరుకుంటుంది. మిథేన్ తేలిక, పైన నిలుస్తుంది. ఇంక్లైన్ అంటేనే కిందికి దిగే దారి. నాలుగు అడుగులు దిగేసరికి గాలి మారిపోవచ్చు.

ఇది చదివి ఎవరూ కొవ్వొత్తి, లైటర్ పట్టుకుని పోకండి. మిథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. సేఫ్టీ లాంప్‌కి సన్నని ఇనుప జాలీ ఉండేది అందుకే.

ఇంకొకటి. వాన పడే ముందు వాతావరణ పీడనం తగ్గుతుంది కదా, అప్పుడు పాత బాయి లోపలి గాలిని బయటికి వదులుతుంది. నిన్న బాగున్న బాయి మొహం (లోపలికి దిగే నోరు) దగ్గరే ఇవాళ గ్యాస్ ఉండొచ్చు. "పోయిన వారం వెళ్ళాం, ఏం కాలేదు" అనే మాటకి బాయి దగ్గర విలువ లేదు.

వీకెండ్ రైడర్

కాకా, దండం. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఒక డౌటు. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ కోవిడ్‌లో అందరి ఇళ్ళలోకీ వచ్చింది. అది పెట్టుకుని వెళ్తే? లేదా ఆన్‌లైన్‌లో గ్యాస్ డిటెక్టర్లు దొరుకుతున్నాయి, అవి?

బాయి కాక

ఆక్సీమీటర్ మీద ఆధారపడొద్దు. ఆక్సిజన్ లేని చోట అది తగ్గుదల చూపించేలోపే మనిషి పడిపోతాడు. కార్బన్ మోనాక్సైడ్ ఉన్న చోట అయితే పూర్తిగా మోసం చేస్తుంది. మన ప్రాంతంలో పాత గనుల్లో బొగ్గు తనంతట తాను అంటుకుని లోలోపల కాలుతూ ఉంటుంది, అక్కడ మోనాక్సైడ్ తయారవుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తాన్ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మోనాక్సైడ్ పట్టుకున్న రక్తాన్ని కూడా మామూలు ఆక్సీమీటర్ ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కేసి 98, 99 చూపిస్తుంది.

డిటెక్టర్ సంగతి. నాలుగు గ్యాసులు చూపించే మీటర్ మంచి వస్తువే. కానీ దాన్ని ఎప్పటికప్పుడు తెలిసిన గ్యాస్‌తో సరిచూడాలి. సెన్సార్లకి వయసుంటుంది. అది మోగితే ఎటు పరిగెత్తాలో తెలిసి ఉండాలి. మీటర్ ఉంది కదా అని దిగడం సరికాదు. గనిలో మీటర్ వెనక ఫ్యాన్ ఉంటుంది, రెస్క్యూ టీమ్ ఉంటుంది, నడుముకి సెల్ఫ్ రెస్క్యూయర్ (ఆపదలో ఊపిరి కోసం పెట్టుకునే చిన్న పరికరం) ఉంటుంది. మీ వెనక ఏముంది?

అసలు ఘోరం ఇంకోటి ఉంది. ఒకడు పడిపోతే ఫ్రెండ్స్ ఏం చేస్తారు? పరిగెత్తి దిగుతారు. లాగుదామని వంగుతారు. వాళ్ళూ అక్కడే పడతారు. అమెరికాలో కార్మికుల భద్రత చూసే నియోష్ సంస్థ 1986లో చెప్పిన లెక్క ఒకటి మా ట్రైనింగ్‌లో చెప్పేవారు. గాలి ఆడని ఇరుకు చోట్లలో చనిపోయినవాళ్ళలో 60 శాతానికి పైగా కాపాడటానికి దిగినవాళ్ళేనట. మన దగ్గర సెప్టిక్ ట్యాంకుల్లో, బావుల్లో ఒకరి వెనక ఒకరు పోవడం ప్రతి ఏడూ పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఐదుగురు కలిసి వెళ్తే క్షేమం అనుకుంటారు. గ్యాస్ ఉన్న చోట ఐదుగురు వెళ్ళడం అంటే ఐదు ప్రాణాలు.

ఎవరైనా పడిపోతే దిగకండి. ఎంత దగ్గరి మనిషైనా దిగకండి. 112కి ఫోన్ చేసి "మూసేసిన బొగ్గు గని, లోపల గ్యాస్" అని స్పష్టంగా చెప్పండి. దగ్గర్లో నడుస్తున్న గని ఆఫీసుకి మనిషిని పంపండి. ఊపిరి సిలిండర్లు వేసుకుని దిగే రెస్క్యూ టీమ్ వాళ్ళ ద్వారానే వస్తుంది.

అమరాయి వాసి
(ఘుగ్గూస్)

లోపలికి దిగకపోయినా ప్రమాదం ఉంది, అది కూడా రాయాలి. 2022 ఆగస్టులో మా ఘుగ్గూస్ అమరాయి వార్డులో ఒక ఇల్లు ఉన్నట్టుండి భూమిలోకి కుంగిపోయింది. పదుల అడుగుల లోతుకి. ముందు కంపించినట్టు అనిపించి ఇంట్లోవాళ్ళు బయటికి రావడంతో బతికారు. ఆ కింద ఎప్పుడో బొగ్గు తీసిన డొల్ల ఉంది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళని కూడా ఖాళీ చేయించారు. పాత గని మీద నేల పచ్చగా, గట్టిగా కనిపిస్తుంది. గోతులు, కొత్త పగుళ్ళు, ఒకవైపు వాలిన చెట్లు, నేలలోంచి ఆవిరి, ఇవి కనిపిస్తే అక్కడ బండి ఆపకూడదు, టెంట్ వేయకూడదు.

బాయి కాక

నిజం. ఇంకా రూఫ్ గురించి. నడిచే బాయిలో సర్దార్ కర్రతో రూఫ్‌ను కొట్టి చూస్తాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. విడిపోయిన రాయి డొల్లగా మోగుతుంది. ఆ తేడా చెవికి పట్టడానికి ఏళ్ళు పడుతుంది. మూసేసిన బాయిలో ప్రాపులు చెదలు పట్టి, చాక్‌లు (అడ్డంగా పేర్చిన కర్ర దుంగల ఊతాలు) కుళ్ళి ఉంటాయి. మీ అడుగుల చప్పుడుకే రాలొచ్చు.

నీళ్ళ సంగతి కూడా. పాత తవ్వకాల్లో నీళ్ళు నిండి ఉంటాయి. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో పాత పనుల్లోని నీళ్ళు విరుచుకుపడి 375 మంది పోయారు. మా గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలో 2003 జూన్ 16న అలాగే నీళ్ళు దూసుకొచ్చి 17 మంది పోయారు. నకాషాలు (గని మ్యాపులు) చేతిలో ఉన్న గనుల్లోనే ఇలా జరిగింది.

తమ్ముడే
(రాజురా)

నమస్తే. నేను అక్క చెప్పిన తమ్ముడినే. మొత్తం చదివాను. ఇంక్లైన్ ప్లాన్ ఆపేశాం, గ్రూప్‌లో కూడా ఈ లింక్ పెట్టాను. కాక చెప్పిన ఆక్సీమీటర్ సంగతి మా ఫ్రెండ్స్‌లో ఒక్కరికీ తెలియదు.

కానీ రెండు ప్రశ్నలున్నాయి. పాత ఓపెన్‌కాస్ట్ గుంతల్లో నీళ్ళు నీలంగా, చాలా బాగుంటాయి, అందులో ఈత? రెండోది, గని కాకుండా మూతపడ్డ మిల్లులు, నేల మీద ఉన్నవి. అక్కడ గ్యాస్ ఉండదు కదా?

అమరాయి వాసి

ఈత వద్దు తమ్ముడూ. చెరువుకి ఒడ్డు మెల్లగా దిగుతుంది. క్వారీ గుంతకి ఒడ్డు గోడలా ఉంటుంది, ఒక్క అడుగు తర్వాత కాలికి నేల అందదు. ఎక్కి రావడానికి పట్టు దొరకదు, పట్టుకున్న మట్టి ఊడి చేతిలోకి వస్తుంది. పైన వెచ్చగా ఉన్నా లోతులో చల్లగా ఉండి కండరాలు పట్టేస్తాయి. కింద పాత ఇనుము, కేబుళ్ళు ఉంటాయి. ఈత బాగా వచ్చిన పిల్లలే అందులో పోతున్నారు.

రాయగడ ఫిట్టర్
(రాయగడ, ఒడిశా)

రెండో ప్రశ్నకి నేను చెప్తాను. పేపర్ మిల్లు, పంచదార మిల్లు రెండింట్లోనూ మెయింటెనెన్స్ చేశాను.

నేల మీద గ్యాస్ ఉండదని ఎవరన్నారు బాబూ? పంచదార మిల్లులో మొలాసిస్ ట్యాంక్ ఉంటుంది. అడుగున మిగిలిన మడ్డి పులిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పైన మ్యాన్‌హోల్ తెరిచి తొంగి చూస్తే ఖాళీ ట్యాంకే. నిచ్చెన దిగితే లేవలేడు. ఏమీ లేని ఖాళీ ఇనుప ట్యాంక్ కూడా నమ్మడానికి లేదు. మూత వేసి ఉంటే లోపలి గోడలు తుప్పు పట్టడానికే ఆక్సిజన్ ఖర్చయిపోతుంది. వ్యర్థాల గుంటల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన. వాసన తగ్గింది, గ్యాస్ పోయింది అనుకోకూడదు. 100 పీపీఎం దాటాక ముక్కే పనిచేయడం మానేస్తుంది. ట్యాంక్, డైజెస్టర్ (కాగితం కోసం చెక్కను ఉడికించే పెద్ద పాత్ర), గుంట, సొరంగం, చిమ్నీ అడుగు, బాయిలర్ లోపల, వీటిలో దేనిలోనూ తల కూడా పెట్టొద్దు.

పేపర్ మిల్లుల్లో, నీటి శుద్ధి ప్లాంట్లలో క్లోరిన్ వాడతారు. పెద్ద సిలిండర్లు, టన్నర్లంటాం. పాతవి తుప్పుపట్టి మూల పడి ఉంటే కదిపి చూడకండి. 2010 జూలైలో ముంబై సెవ్రీలో పోర్టు స్థలంలో ఏళ్ళ తరబడి పడి ఉన్న పాత సిలిండర్ లీకై వందమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు.

ఇక ఆస్బెస్టాస్. దీని గురించి నాకు చాలా బాధ ఉంది, ఎందుకంటే మా తరం ఫిట్టర్లందరం దాన్ని చేతుల్తో పీకాం. బాయిలర్ మీద, ఆవిరి పైపుల మీద తెల్లగా, బూడిద రంగులో గట్టిపడిన పూత ఉంటుంది, దాన్ని లాగింగ్ అంటారు. పాత ప్లాంట్లలో అది ఎక్కువగా ఆస్బెస్టాసే. గ్యాస్కెట్లు, ఆవిరి పైపుల తాళ్ళు, పైకప్పు రేకులు కూడా. ముట్టుకోకపోతే పెద్దగా ఏమీ చేయదు. పగిలి, రాలి, మీ బూటు కింద నలిగితే కంటికి కనపడని పోగులు లేస్తాయి. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్ళీ బయటికి రావు. ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథీలియోమా (ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకి వచ్చే క్యాన్సర్) వస్తాయి. అవి బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్ళు పడుతుంది. ఇవాళ వెళ్ళొచ్చి "ఏం కాలేదు" అని ఎలా అంటారు? పొగ తాగేవాళ్ళకి క్యాన్సర్ ముప్పు చాలా రెట్లు పెరుగుతుంది. మామూలు మాస్క్ ఈ పోగులకి చాలదు. బట్టలకి అంటుకుని ఇంటికొస్తాయి. ఆస్బెస్టాస్ కార్మికుల బట్టలు ఉతికిన భార్యలకి కూడా జబ్బు వచ్చిందని వైద్యులు రాశారు. జార్ఖండ్‌లో చాయ్‌బాసా దగ్గర రోరో కొండల గని 1983లో మూతపడింది. ఆ తెల్లటి దుమ్ము గుట్టలు ఇప్పటికీ ఊళ్ళ పక్కనే ఉన్నాయి, పిల్లలు వాటి మీద జారుతూ ఆడుకునేవారు.

పాత ట్రాన్స్‌ఫార్మర్ల కింద నూనె కారి ఉంటుంది, అందులో కాలు పెట్టకండి. పాతవాటిలో పీసీబీలు (విషపు రసాయనాలు) ఉండొచ్చు, చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతాయి. కరెంట్ లేదని పెద్ద కెపాసిటర్లను (కరెంట్‌ను లోపల నిల్వ ఉంచుకునే డబ్బాలు) తాకొద్దు.

బరంపురం కెమిస్ట్రీ
(బ్రహ్మపూర్, గంజాం జిల్లా)

ఫిట్టర్ గారు రాసినదానికి పాదరసం కలుపుతాను. గంజాం దగ్గర రుషికుల్య ఒడ్డున ఉన్న క్లోర్ ఆల్కలీ ప్లాంటులో (ఉప్పునీటి నుంచి క్లోరిన్, కాస్టిక్ సోడా తీసే ఫ్యాక్టరీ) ఒకప్పుడు పాదరసం సెల్స్ వాడేవారు. బరంపురం యూనివర్సిటీ వాళ్ళు ఆ చుట్టూ మట్టి, నీళ్ళు, మొక్కల్లో పాదరసం గురించి ఎన్నో ఏళ్ళు పరిశోధన చేశారు. ఇప్పుడు దేశంలో ఈ పరిశ్రమ పాదరసం అక్కర్లేని మెంబ్రేన్ పద్ధతికి మారిపోయింది. కానీ పాత ల్యాబులు, పాత ప్రెషర్ గేజ్‌లు, ఆ సెల్స్ ఉండే మూతపడ్డ సెల్ హౌస్‌ల నేల పగుళ్ళలో పాదరసం ఉండనే ఉంటుంది. వెండి పూసల్లా దొర్లుతుంది, పిల్లలకి ముచ్చటేస్తుంది, సీసాలో పోసుకుని ఇంటికి తెస్తారు. గది వేడికే ఆవిరవుతుంది. ఆ ఆవిరికి వాసన లేదు. మూసిన గదిలో రోజులు గడిచేకొద్దీ చేతులు వణకడం, కోపం, నిద్ర పట్టకపోవడం, మతిమరుపు, కిడ్నీ సమస్య మొదలవుతాయి. ఇంట్లో ఒలికితే చీపురుతో ఊడవకండి, వ్యాక్యూమ్ అసలు వద్దు, ఇంకా ఎక్కువ ఆవిరవుతుంది. కిటికీలు తీసి, పిల్లల్ని బయటికి పంపి, గట్టి కాగితంతో పూసల్ని ఒకచోటికి చేర్చి మూత బిగించిన సీసాలోకి ఎత్తండి.

రేడియేషన్ మాట కూడా చెప్పాలి. పేపర్, సిమెంట్, స్టీల్ ప్లాంట్లలో మందం, మట్టం కొలవడానికి రేడియోధార్మిక గేజ్‌లు ఉంటాయి. వెల్డింగ్ పరీక్షకి రేడియోధార్మిక ఇరిడియం ఉన్న కెమెరాలు వాడతారు. పసుపు మీద మూడు రెక్కల గుర్తు ఉంటుంది. తుప్పులో ఆ గుర్తు చెరిగిపోయి ఉండొచ్చు కూడా. చిన్న సైజుకి మించి విపరీతమైన బరువున్న, సీసం పొదిగిన లోహపు డబ్బా కనిపిస్తే తాకకుండా దూరంగా వచ్చేసి పోలీసులకి చెప్పండి. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో వదిలేసిన ఒక ఆసుపత్రి యంత్రాన్ని ఇద్దరు విప్పి స్క్రాప్‌కి అమ్మారు. అందులోని సీజియం-137 చీకట్లో నీలంగా మెరుస్తోందని ఇళ్ళకి పంచుకున్నారు. 249 మంది ఒంటికి అది అంటింది, నలుగురు చనిపోయారు, వాళ్ళలో ఒకరు ఆరేళ్ళ పాప. మన దేశంలో 2010లో ఢిల్లీ మాయాపురి స్క్రాప్ మార్కెట్‌కి కోబాల్ట్-60 చేరి ఒకరు పోయారు. స్క్రాప్ అమ్మే అలవాటున్న పిల్లలకి ఈ రెండు కథలూ చెప్పండి.

స్క్రాప్ పక్కన పెట్టండి
(గడ్చిరోలి)

ఇలా చెప్పుకుంటూ పోతే ఇంట్లోంచి బయటికే రాకూడదు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఇంకా ఎక్కువ కదా?

రాయగడ ఫిట్టర్

రోడ్డు మీద ప్రమాదం కంటికి కనిపిస్తుంది, పక్కన ఆసుపత్రికి తీసుకెళ్ళే మనుషులుంటారు. ఇక్కడ రెండూ లేవు. బయటికి రావొద్దని ఎవరూ అనలేదు. దేనిలోకి దూరకూడదో చెబుతున్నాం.

మాజీ హవల్దార్
(ఛత్రపూర్, గంజాం జిల్లా)

మిలిటరీ చోట్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. పాత ఫైరింగ్ రేంజ్, పాత మందుగుండు డిపో, యుద్ధకాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ పక్క పొదలు, ఇవన్నీ ఒకే కోవ. పేలకుండా మట్టిలో దిగిపోయిన గుండుని మేం బ్లైండ్ అంటాం. ఫైర్ అయినప్పుడే దాని ఫ్యూజ్‌లోని తాళాలన్నీ విడిపోయి ఉంటాయి. పేలడానికి ఒక్క కుదుపు చాలు. వయసయ్యేకొద్దీ చల్లబడుతుందనేది తప్పు. తుప్పుతో ఇంకా చంచలంగా మారుతుంది.

2018 నవంబర్ 20న వర్ధా జిల్లా పుల్‌గావ్ దగ్గర పాత మందుగుండును నాశనం చేసే చోట పేలుడు జరిగి ఆరుగురు చనిపోయారు. అనుమతితో, నిపుణుల పర్యవేక్షణలో జరిగే పని అది. మరి ఇత్తడి కోసం గడ్డపారతో తవ్వే పిల్లాడి గతి ఏమిటి?

కనిపిస్తే చేయాల్సింది ఇది. ఆగండి. ముట్టుకోకండి, రాయి విసరకండి, దాని మీద మట్టి తీయకండి. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడవండి. దూరం వచ్చాకే ఫోన్ తీసి 112కి చెప్పండి. ఊళ్ళోవాళ్ళు ఎవరైనా షెల్ ఇంటికి తెచ్చి పూలకుండీలా పెట్టుకుంటే, దాన్ని కూడా పోలీసులకి చెప్పాలి. బాంబ్ స్క్వాడ్ వచ్చేదాకా ఇంట్లోవాళ్ళు బయటే ఉండాలి.

గడ్చిరోలి, మల్కన్‌గిరి అడవుల్లోవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అక్కడ పాడుపడ్డ స్కూలు గది అయినా, పాత క్యాంప్ అయినా, దారి తప్పి పొదల్లోకి వెళ్ళకండి. మందుపాతరలు ఎవరి కాలని చూడవు.

గోదారి డాక్టర్
(సిరొంచ)

ఆలస్యంగా చూశాను. విషవాయువులు, పేలుళ్ళు అయిపోయాయి, నేను ఓపీలో చూసేవి రాస్తాను. ఇవి వెంటనే పడేయవు, ఇంటికొచ్చాక వారం పది రోజులకి జ్వరంగా వస్తాయి. అందుకే జనం ఆ రెండింటికీ లంకె పెట్టుకోరు.

మొదటిది స్క్రబ్ టైఫస్. పాడుపడ్డ ఆవరణలో మొలిచిన పొదల్లో చిన్న నల్లి లాంటి పురుగు కుడుతుంది, నొప్పి తెలియదు. పది రోజులు అటూ ఇటూగా జ్వరం, విపరీతమైన తలనొప్పి. నడుము పట్టీ కింద, చంకలో, గజ్జల్లో సిగరెట్ కాల్చినట్టు ఒక నల్లటి పుండు ఉంటుంది. పేషెంట్‌ని పూర్తిగా చూడకపోతే దొరకదు. గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. గుర్తించకపోతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతిని ప్రాణం పోతుంది. ఒడిశాలోనూ మన దగ్గరా ఏటా వర్షాలప్పుడూ తర్వాతా వస్తూనే ఉంది.

గడ్చిరోలి, కోరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ, ఇవన్నీ మలేరియా ప్రాంతాలే, అందులో ఎక్కువ ఫాల్సిపారం, అంటే ప్రాణాంతకమైన రకం. నీళ్ళు నిలిచిన పాత ట్యాంకుల దగ్గర సాయంత్రం కూర్చుని వీడియోలు తీసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఎలుకల మూత్రం కలిసిన నిల్వ నీళ్ళలో పుండు కాలితో నడిస్తే లెప్టోస్పైరోసిస్. జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం, కామెర్లు.

గబ్బిలాలు, పావురాలు చేరిన గదుల్లో ఎండిన రెట్టను తొక్కితే లేచే దుమ్ములో ఫంగస్ ఉంటుంది. హిస్టోప్లాస్మోసిస్, క్రిప్టోకాకస్. ఎక్స్‌రేలో టీబీలా కనిపించి నెలల తరబడి తప్పు మందులు వాడేవాళ్ళున్నారు. షుగర్, స్టెరాయిడ్లు, హెచ్ఐవీ ఉన్నవాళ్ళు అలాంటి గదిలోకి అసలు వెళ్ళకూడదు.

పాములు. పగిలిన సిమెంట్ పలకల కింద, కేబుల్ గుంటల్లో చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడే ఉంటాయి. కట్లపాము కాటు చాలామందికి నొప్పే తెలియదు, కనురెప్పలు వాలిపోవడం మొదలయ్యాక కంగారు పడతారు. రక్తపింజర కాటుకి వాపు, రక్తం గడ్డకట్టకపోవడం, కిడ్నీ ఫెయిల్యూర్. కోయొద్దు, పీల్చొద్దు, తాడు కట్టొద్దు. కాటు పడ్డ కాలిని కదలకుండా ఉంచి యాంటీవీనమ్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. దేశంలో పాముకాటుతో ఏటా సుమారు 58,000 మంది పోతున్నారని అంచనా. వీళ్ళలో చాలామంది ఆసుపత్రికి చేరకముందే పోతున్నారు. కుక్క కరిస్తే సబ్బుతో, ధారగా పారే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టండి.

ధనుర్వాతం తుప్పు వల్ల వస్తుందని అందరూ అనుకుంటారు. తుప్పుకి సంబంధం లేదు, మట్టిలో, పేడలో ఉండే క్రిమి వల్ల వస్తుంది, లోతైన గాయంలో పెరుగుతుంది. తుప్పు మేకు దాన్ని లోపలికి దింపుతుంది. టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) ఇంజెక్షన్ పదేళ్ళకోసారి వేయించుకోవాలి. మురికి గాయమైతే ఐదేళ్ళు దాటినా మళ్ళీ వేస్తాం.

నా విన్నపం ఒక్కటే. ఇలాంటి చోటికి వెళ్ళొచ్చిన మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టర్‌కి "ఫలానా పాడుబడ్డ చోటికి వెళ్ళాను" అని ముందే చెప్పండి. ఇంట్లో తిడతారని దాచకండి. ఆ ఒక్క మాటతో మేం చేయించే పరీక్షలు మారిపోతాయి.

మోడరేటర్

కొన్ని పోస్టుల్లో ఇంక్లైన్ గుర్తులు, గోడ కన్నం ఎక్కడుందో వివరాలు ఉన్నాయి, తీసేశాను. ఎవరూ లొకేషన్లు పెట్టకండి. చదివి పరిగెత్తుకెళ్ళే పిల్లలుంటారు. ఆ గని ఏ ఏరియా ఆఫీసు కిందికి వస్తుందో తెలిసినవాళ్ళు వాళ్ళకి కన్నం సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి. తెరిచి ఉన్న మొహాన్ని మూయించడం వాళ్ళ బాధ్యత.

బాయి కాక

ఆ పని నేను చేస్తాను. రేపు పొద్దున్నే వెళ్ళి లెటర్ ఇచ్చి, రిసీవ్డ్ ముద్ర వేయించుకుంటా.

రాజురా అక్క

కాకా, డాక్టర్ గారూ, అందరికీ చాలా చాలా థాంక్స్. మా వాడు టీడీ ఎప్పుడు వేయించుకున్నాడో అమ్మకీ గుర్తులేదు. ఇవాళ సాయంత్రం తీసుకెళ్తున్నాను. వాడి బూట్లు, బ్యాగ్ ఇంట్లో దులపనివ్వను.

తమ్ముడే

నేను, మా గ్రూప్ కలిసి ఒక నిర్ణయానికి వచ్చాం. భూమి లోపలికి గానీ, ట్యాంకుల్లోకి గానీ, పైకప్పు రేకులు పగిలిన షెడ్డులోకి గానీ వెళ్ళం. బయటి నుంచే తీస్తాం. రైడర్ అన్న చెప్పినట్టు ఈ చోట్ల గురించి తెలిసినవాళ్ళ మాటలు రికార్డ్ చేయాలని ఉంది. బాయి కాకా, మీరు కెమెరా ముందు మాట్లాడతారా? సేఫ్టీ లాంప్ గురించి, రూఫ్ కొట్టి వినడం గురించి?

వీకెండ్ రైడర్

కాక ఒప్పుకుంటే కెమెరా, మైక్ నావి. వరోరా వైపు కూడా పాతవాళ్ళు కొందరున్నారు, అడుగుతాను.

బాయి కాక

మాట్లాడతాను బాబూ. నా దగ్గర పాత లాంప్ ఒకటి ఉంది, జాలీతో సహా. మా ఇంటి అరుగు మీదే తీద్దాం. గని పైభాగం, ఆఫీసు, లాంప్ రూమ్ చూపించాలంటే ఏరియా ఆఫీసు అనుమతి కావాలి. అర్జీ నేను రాయిస్తా, మీరు కాలేజీ నుంచి ఒక లెటర్ తీసుకురండి. అనుమతి వచ్చేదాకా ఎవరూ గేటు దాటకండి. వచ్చాక కూడా గని మనిషి ఒకరు మనతో ఉంటేనే వెళ్దాం.